సారె మీద తొలి ప్రమిద

ఈరోజు కుమ్మరి సారె గురించి, దాని ముందు కొత్తగా కూర్చునేవాళ్ల గురించి మాట్లాడతాను.

చేతిలో పనేమీ లేకుండా వింటున్నవాళ్లు కాస్త ముందుకు వంగి కూర్చోండి. ఎడమ మోచేతిని ఎడమ తొడ మీద గట్టిగా ఆనించండి. మణికట్టు వంగకుండా బిగించి, అరచేతిని మీ ముందు నిలబెట్టండి. ఇప్పుడు కుడిచేత్తో ఆ అరచేతిని పక్కకు తోయండి. అంత సులువుగా కదలదు. మోచేతిని తొడ మీద నుంచి పైకెత్తి మళ్లీ తోయండి. ఈసారి చెయ్యి పక్కకు వెళ్లిపోతుంది. సారె నేర్చుకునేవాళ్లు మొదటిరోజు తెలుసుకోవలసింది ఈ తేడానే.

సారె మీద పెట్టిన మట్టిముద్ద సరిగ్గా నడిమధ్యలో ఉండదు. ఎంత జాగ్రత్తగా పెట్టినా ఒక పక్కకు కొంచెం ఉబ్బి ఉంటుంది. సారె తిరుగుతున్నప్పుడు ఆ ఉబ్బు ప్రతి చుట్టులోనూ వచ్చి అరచేతిని ఒక దెబ్బ కొట్టి వెళుతుంది. చెయ్యి దానికి లొంగి ఊగిందా, ముద్ద వంకర ముద్దలాగే ఉండిపోతుంది. చెయ్యి ఉన్నచోటే ఉంటే ఆ ఉబ్బుకు పక్కకు పోయే దారి ఉండదు, నడిమికి జరగాల్సిందే. చేతిని అలా నిలబెట్టేది కండబలం కాదు. మోచేతి కింద తొడ, తొడ కింద పాదం, పాదం కింద నేల. అందుకే సన్నగా, పీలగా ఉండే ముసలాయన పది కిలోల ముద్దను నిమిషంలో దారికి తెస్తాడు. ఆ పక్కనే బలమైన కుర్రవాడు కిలో ముద్దతో పెనుగులాడుతూ, భుజాలు నొప్పెక్కి, నుదుటి చెమట తుడుచుకుంటూ ఉంటాడు. అతను చేతులతో తోస్తున్నాడు, అంతే.

నాకు సారె చూపించిన పెద్దాయన మాటలు తక్కువ. "మట్టిని తొయ్యకమ్మా. నువ్వు ఆగు, అదే వచ్చి ఆగుద్ది" అనేవారు. ఇంకొక మాట కూడా అనేవారు, "తీసేటప్పుడు చెయ్యి మెల్లగా తియ్యి." ఈ రెండో మాట చాలామంది చెవికి ఎక్కదు. ముద్ద నడిమికి వచ్చిందన్న సంతోషంలో చెయ్యి చటుక్కున తీసేస్తారు. అప్పటిదాకా ఆ ఒత్తిడికి ఒదిగి ఉన్న మట్టి, ఆ పట్టు ఒక్కసారిగా వదిలేసరికి మళ్లీ పక్కకు జరుగుతుంది. పట్టు సడలించడానికి ఒకటి రెండు చుట్ల సమయం ఇస్తే ఆ జరుగుడు ఉండదు. ముద్ద మధ్యకు వచ్చిందో లేదో కంటితో చూసి తేల్చుకోవాలనుకోవద్దు. తడిసి మెరుస్తూ తిరిగే మట్టి కంటిని మోసం చేస్తుంది. కళ్లు మూసుకుని ఒక్క వేలు ఆనించండి. వేలు అదరకుండా ఉంటే మట్టి నిలిచినట్టే.

ఇక మట్టి సంగతి. చెరువు మట్టిని తెచ్చి, ఎండబెట్టి, పొడికొట్టి, నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, కొంచెం సన్న ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కుతారు. ఆ తొక్కడం చాలాసేపు సాగుతుంది. మట్టిలో దాక్కున్న చిన్న రాయిని పాదం పసిగట్టినట్టు చెయ్యి పసిగట్టలేదు. సారె ఎక్కేముందు మళ్లీ చేత్తో పిసికి, లోపలి గాలి పోయేదాకా అదుముతారు. కొత్తవాళ్లకు ఇదంతా ఎవరో చేసిపెట్టే చాకిరీలా కనిపిస్తుంది. కానీ ముద్దలో ఒక చోట మెత్తగా, ఒక చోట గట్టిగా ఉంటే సారె మీద ఎంత నేర్పు ఉన్నా అది కుదురుకోదు. నా అభిప్రాయం అడిగితే, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు సారె కంటే ముందు మట్టి తొక్కాలి. సంచిలో సిద్ధంగా వచ్చే మట్టితో మొదలుపెట్టినవాళ్లకు, ముద్ద మొరాయిస్తున్నప్పుడు తప్పు చేతిలో ఉందో మట్టిలో ఉందో తెలుసుకునే దారి ఉండదు.

అసలు మట్టికి ఈ సాగే గుణం ఎక్కడిది? బంకమట్టి రేణువులు చాలా చిన్నవి, రెండు మైక్రాన్ల లోపు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు కంటే చిన్నవి. పైగా అవి ఇసుక రేణువుల్లా గుండ్రంగా ఉండవు, చదునుగా రేకుల్లా ఉంటాయి. రేకుకూ రేకుకూ మధ్య సన్నని నీటిపొర ఉంటుంది. చేత్తో నొక్కినప్పుడు తడిసిన తమలపాకులు ఒకదాని మీద ఒకటి జారినట్టు ఆ రేకులు జారతాయి, వదిలేస్తే జారినచోటే నిలిచిపోతాయి. నీళ్లు తక్కువైతే జారవు, పగుళ్లిస్తాయి. ఎక్కువైతే నిలవవు, కూలిపోతాయి. కొత్తవాళ్ల పని ఎక్కువగా చెడిపోయేది ఈ రెండో వైపునే. చెయ్యి అంటుకుపోతుందన్న భయంతో పదేపదే నీళ్లు చల్లుతారు. ఆ నీళ్లు గోడలోకి ఇంకి, చూస్తుండగానే కుండ నడుము జారిపోతుంది. నీళ్లు మన వేళ్లకు, మట్టి ఒంటికి మధ్య రాపిడి తగ్గించడానికి మాత్రమే. లోపల అడుగున మడుగు కడితే వెంటనే గుడ్డతోనో స్పాంజితోనో అద్ది తీసేయాలి.

పట్టణాల్లోని తరగతుల్లో అరకిలో నుంచి కిలో దాకా ముద్ద ఇచ్చి, దాన్ని సారెకు అంటించి, నిలువు గోడల గొట్టంలాంటి పాత్ర చేయమంటారు. ఈ పద్ధతి వెనక పెద్ద చరిత్ర ఉంది. బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లీషు కళాకారుడు, జపాన్‌కు చెందిన షోజీ హమాడా కలిసి 1920లో ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో ఒక కుండల శాల పెట్టారు. 1940లో లీచ్ రాసిన పుస్తకం ప్రపంచమంతటా స్టూడియో కుండల పనివాళ్లకు చేతిపుస్తకం అయింది. మన దేశంలో గురుచరణ్ సింగ్ ఢిల్లీ బ్లూ పాటరీని నిలబెట్టారు. 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని మొదలుపెట్టి ఎందరికో పని నేర్పారు. వీళ్లందరి మీదా నాకు గౌరవం ఉంది. అయినా మన ఊళ్లలో కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లకు నేను వేరే మొదలు చెబుతాను. ప్రమిదతో మొదలుపెట్టండి. అదీ పెద్ద ముద్ద మీద.

మన కుమ్మరులు ప్రమిదలు, ముంతలు, పిల్లలు ఆడుకునే గురుగులు చేసేటప్పుడు ఒక్కో వస్తువుకు ఒక్కో ముద్ద పెట్టరు. సారె మీద పెద్ద మట్టిగుట్ట పెడతారు. దాని కొస మీద పిడికెడు మట్టిని మాత్రమే నడిమికి తెచ్చి, బొటనవేలు దించి, అంచు తీసి, దారంతో తెంపుతారు. కింద ఉన్న మట్టి కొంచెం అటూ ఇటూ ఊగినా ఫరవాలేదు, కొస నిలిస్తే చాలు. దారాన్ని పక్కనుంచి ఆనిస్తే సారె తిరుగుడుకు అదే ఒక చుట్టు చుట్టుకుంటుంది, ఒక్క లాగు లాగితే ప్రమిద చేతిలోకి వస్తుంది. వెంటనే తరవాతది. కొత్తవాళ్లకు ఇందులో ఉన్న మేలు అంతా ఇంతా కాదు. చెడిపోయినదాన్ని సారె మీద నుంచి గీకి, కడిగి, మళ్లీ ముద్ద అంటించే గొడవ లేదు. ఒక్క కూర్చునుడులో బొటనవేలు ఎంత లోతుకు దిగాలో, అంచు ఎప్పుడు వదిలేయాలో చెయ్యి పదేపదే చేసి చూసుకుంటుంది. నేర్చుకునేది చేతులైనప్పుడు వాటికి కావలసింది తరచుగా దొరికే అవకాశం.

ఇందులో రెండు చిక్కులున్నాయి. గుట్ట మీద పని చేసేటప్పుడు ప్రమిద అడుగు ఎక్కడుందో తెలియదు. చిటికెన వేలితో బయట ఒక గాడి గీసుకుని, దాన్ని గుర్తుగా పెట్టుకోవాలి. రెండోది, ఆరేటప్పుడు అడుగున మెలితిరిగిన చీలిక వస్తుంది. గోడల మట్టిని వేళ్లు లాగి అదిమినంతగా అడుగు మట్టిని అదమకపోవడమే దానికి ముఖ్య కారణం. బొటనవేలు దించాక, నడిమి నుంచి అంచుకూ, అంచు నుంచి నడిమికీ అడుగును గట్టిగా రుద్దితే ఆ చీలిక చాలావరకు రాదు. చమురు పోశాక ఇంటి అరుగు మీద మరక పడాలో వద్దో ఈ చిన్న రుద్దుడే తేలుస్తుంది.

ప్రమిద చేతికి వచ్చాక గోడ లేపడానికి వెళ్లండి. లోపల ఒక చేతి వేళ్లు, బయట ఒక చేతి వేళ్లు, మధ్యలో మట్టి. అడుగున ఉన్న దళసరి మట్టిని ఆ వేళ్ల మధ్య నుంచి పైకి నడిపించాలి. సారె ఎడమకు, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంటే మీ కుడి పక్కన పని చేయండి, కుడివైపు తిరుగుతుంటే ఎడమ పక్కన. తిరిగే మట్టికి సహజంగా బయటికి పోవాలని ఉంటుంది, కాబట్టి లోపలి వేళ్ల కంటే బయటి వేళ్ల ఒత్తిడి రవ్వంత ఎక్కువ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి పైకి లేచే వేగం సారె వేగానికి లోబడి ఉండాలి. సారె ఒక చుట్టు తిరిగేలోపు చెయ్యి వేలెడు ఎత్తు లేచిపోతే మట్టిలో కొంత భాగాన్ని వేళ్లు తాకనే తాకవు. ఆ తాకని చోటు దళసరిగా, తాకిన చోటు పల్చగా మిగిలి, కుండ మెలితిరుగుతుంది.

సారె వేగం గురించి నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. పాతకాలపు సారె బరువైన చక్రం, కింద మొనలాంటి ఇరుసు మీద నిలుస్తుంది. కర్రను గుంటలో పెట్టి బలంగా తిప్పి వదిలేస్తారు. బరువు వల్ల అది కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది, కానీ రాను రాను నెమ్మదిస్తుంది. ముద్దను నడిమికి తెచ్చేటప్పుడు వేగం కావాలి, అప్పుడు సారెకు వేగం ఉంది. గోడ లేపేటప్పుడు కొంత తగ్గాలి, తగ్గుతోంది. అంచు దిద్దేటప్పుడు మందంగా తిరగాలి, అప్పటికి మందంగానే తిరుగుతోంది. కుండకు కావలసిన క్రమం, చక్రం అలసిపోయే క్రమం ఒకటే. కరెంటు సారె ఇలా అలసిపోదు. నిమిషానికి 200 చుట్లు తిప్పితే పాదం తీసేదాకా 200 చుట్లే. ఆ తగ్గించే పని నేర్చుకునేవాళ్ల పాదానిది అవుతుంది. కొత్తవాళ్లు చేతుల ధ్యాసలో పాదాన్ని మరిచిపోతారు, ముద్ద కోసం పెట్టిన వేగంతోనే అంచు దిద్దబోతారు, అంచు గాలికి ఎగిరిపోతుంది. హమాడా పేరు ఇందాక చెప్పాను. ప్రపంచమంతా పేరు పొందాక కూడా ఆయన కర్రతో తిప్పే సారె మీదనే పని చేశాడు.

కరెంటు సారెను నేను తక్కువ చేయడం లేదు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు అందించే కార్యక్రమం నడుపుతోంది. గొంతుక్కూర్చుని, రోజంతా వంగి చక్రం తిప్పితే నడుము, మోకాళ్లు ఏమవుతాయో కుమ్మరి ఇంట్లో పెద్దవాళ్లను చూస్తే తెలుస్తుంది. వాళ్ల ఒంటికి కొంత సుఖం ఇచ్చేది ఏదైనా మంచిదే.

సారె మీద నుంచి దిగగానే కుండ పూర్తయినట్టు చాలామంది అనుకుంటారు. మన నీళ్లకుండ సారె మీద సగమే పుడుతుంది. మెడ, భుజం చక్కగా తీసి, కింది భాగాన్ని దళసరిగా వదిలేస్తారు. కొన్నిచోట్ల అడుగే ఉండదు, బోలుగా ఉంటుంది. దాన్ని నీడలో కొంత ఆరనిచ్చి, వేలితో నొక్కితే కొంచెం మాత్రమే లొంగే దశలో ఒడిలోకి తీసుకుంటారు. లోపల ఒక చేత గుండ్రాయి, బయట ఇంకో చేత చెక్క. రాయి ఎక్కడుందో చెక్క సరిగ్గా అక్కడ పడాలి. అంటుకోకుండా బూడిద చల్లుకుంటూ, కుండను తిప్పుకుంటూ, తట్టుకుంటూ వెళ్తారు. దళసరి గోడ పల్చబడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, తెరిచి ఉన్న అడుగు మెల్లగా మూసుకుపోయి గుండ్రంగా అవుతుంది. మళ్లీ ఆరబెట్టి, మళ్లీ తట్టుతారు. చివరికి వచ్చే కుండ సారె మీద నుంచి దిగిన దానికంటే ఎంతో పెద్దది, ఎంతో తేలిక. అంత పల్చని గోడతో, అంత గుండ్రని అడుగుతో పెద్ద కుండను సారె ఒక్కటే లేపడం చాలా కష్టం.

ఆ గుండ్రని అడుగు అందానికి పెట్టింది కాదు. పొయ్యి మీద మూలలున్న పాత్ర ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వేడెక్కి, మూల దగ్గర పగులుతుంది. గుండ్రని అడుగున మంట అంతటా సమంగా పాకుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద, కుదురు మీద, నీళ్లు మోసే ఆడవాళ్ల నడుము మీద అది ఒదిగి కూర్చుంటుంది. పట్టణ తరగతుల్లో ఈ తట్టే విద్య అరుదుగా నేర్పుతారు. నేర్చుకునేవాళ్లే అడగాలి. సారె మీద చేతులకు కొంత నమ్మకం వచ్చాక, కుమ్మరి వీధికి వెళ్లి చెక్క, రాయి పట్టుకోవడం నేర్పమని అడగండి. కళ్లకు కనిపించని రాయిని చెవితో వెతకడం అందులో ఉంటుంది. రాయి మీద పడ్డ దెబ్బ గట్టిగా పలుకుతుంది, పక్కన పడ్డ దెబ్బ చప్పగా పలుకుతుంది.

ఆ చప్పుడు తెలుగు సాహిత్యంలోకీ వెళ్లింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ చెప్పాడు. శివభక్తుడైన గుండయ్య కుండను వాయిస్తూ పరవశించి ఆడుతుంటే శివుడే దిగివచ్చి తానూ ఆడాడట. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూసే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఖంగుమంటే బాగా కాలింది, ఎక్కడా చీలిక లేదు అని. మొద్దుగా పలికితే కనిపించని బీట ఏదో ఉందని.

కాల్చడం గురించి క్లుప్తంగా చెబుతాను, అది మరో ప్రసంగానికి సరిపడే విషయం. ఆవంలో కుండ పేలిపోతే లోపల గాలిబుడగ ఉందని అందరూ అంటారు. పేల్చేది ఎక్కువగా గాలి కాదు, తడి. పూర్తిగా ఆరని గోడలోని నీరు ఆవిరై, బయటికి దారి దొరకక గోడను చీల్చుకుని వస్తుంది. అందుకే మొదట చిన్న సెగ, చాలాసేపు. ఆ తరవాత 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని ఇసుకపలుకు ఒక్కసారిగా కొంచెం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. తొందరపడి వేడిగా ఉండగానే ఆవం విప్పితే కుండలు పగలడానికి ఇదీ ఒక కారణం.

ఇక నేను ఎక్కువగా చెప్పాలనుకున్న మాటకు వస్తాను. నేర్చుకోవాలనుకునేవాళ్లు గంటకు ఇంత అని ఫీజు కట్టి పట్టణంలో తరగతికి వెళ్తున్నారు, సంతోషం. అదే విద్యను తరతరాలుగా చేతుల్లో పెట్టుకున్నవాళ్లు పక్క ఊళ్లోనే ఉన్నారు. కవయిత్రి మొల్ల పుట్టిన కులం అని పుస్తకాల్లో గర్వంగా రాసుకుంటాం. పెళ్లికి ఐరేణి కుండలు, అమ్మవారికి బోనం కుండ వాళ్ల ఇంటి నుంచే తెచ్చుకుంటాం. పాఠం చెప్పించుకోవాలంటే మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్లం. వెళ్లినా ఫోటోలు తీసుకుని, కాసేపు సారె తిప్పి, చేతిలో యాభై రూపాయలు పెట్టి వస్తాం. ఇది న్యాయం కాదు. ఆ కుమ్మరి గురువు. పట్టణంలో తరగతికి ఎంత కడతారో అంతే ఇవ్వండి. చెరువులు పూడిపోయి, చాలామంది ఇప్పుడు మట్టిని ట్రాక్టరు లెక్కన కొంటున్నారు. మీరు పాడుచేసే మట్టి ఖరీదు కూడా కలిపి ఇవ్వండి.

ఆడపిల్లలు సంకోచించకండి. మన దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లు సారె ముట్టకూడదన్న కట్టుబాటు ఉండేది. మట్టి జల్లించడం, తొక్కడం, ఆరబెట్టడం, ఆవం పేర్చడం, నెత్తిన పెట్టుకుని అమ్ముకురావడం అన్నీ వాళ్లు చేయవచ్చు, సారె మాత్రం కూడదు. ఈ కట్టుబాటు పోవాలి, పోతోంది కూడా. పట్టణాల్లో సారె నేర్చుకోవడానికి ఆడవాళ్లు ధైర్యంగా వస్తున్నారు. కుమ్మరి ఇళ్లలోని ఆడపిల్లలూ తమ ఇంటి సారె ముందు అంతే హక్కుతో కూర్చోవాలని నా కోరిక.

చెడిపోయిన ముద్దలు పారేయకండి. పచ్చిమట్టి మళ్లీ మట్టే అవుతుంది. కాకపోతే సగం తడిగా ఉన్నప్పుడు నీళ్లలో వేస్తే ముద్ద ముద్దగానే ఉండిపోతుంది. పూర్తిగా, గలగలమనేలా ఎండనిచ్చి వేస్తే గంటలోనే విచ్చుకుని బురదైపోతుంది. ఆ బురదను ఇంటి తూములో పోయవద్దు, అడుగున పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. ఇంట్లో పని చేసేవాళ్లు ఎండిన మట్టిని చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. గాలిలో లేచే ఆ సన్నని దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

చివరగా ఎప్పుడు వెళ్లాలన్న సంగతి. దీపావళి ముందు వెళ్లకండి, ప్రమిదల పనిలో కుమ్మరికి ఊపిరి సలపదు. సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా నీళ్లకుండల, కూజాల పని. వానాకాలంలో కుండలు ఆరవు, ఆవం వెలగదు, పని మందగిస్తుంది. నేర్చుకునేవాళ్లకు అదే సరైన కాలం. గురువుకు తీరిక ఉంటుంది, మట్టి గబగబా ఎండిపోదు, మీరు చేసినవి ఎలాగూ మొదట్లో కాల్చరు కాబట్టి ఆవంతో పని లేదు. తొలకరి పడ్డాక ఒక ఉదయం వెళ్లి అడగండి. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలూ గాజులూ ఇంట్లో తీసిపెట్టి వెళ్లండి.